కార్డ్స్ నిండుగా కనిపిస్తున్నాయి, ట్యూబు మాత్రం పోవట్లేదు

ప్రశ్న – మత్తు విభాగం పీజీ, విజయనగరం
సార్, మేడమ్, నమస్కారం. వీడియో లారింగోస్కోప్ (గొంతు లోపలిని కెమెరాతో తెర మీద చూపే పరికరం) హైపర్ యాంగ్యులేటెడ్ (బాగా వంపు తిరిగిన) బ్లేడుతో వోకల్ కార్డ్స్ (స్వర తంతులు) తెర నిండా కనిపిస్తున్నాయి. శ్వాస ట్యూబు మాత్రం ఎరిటినాయిడ్స్‌కి (కార్డ్స్ వెనకుండే చిన్న మృదులాస్థులు) తగిలి ఆగుతోంది, లేదా కార్డ్స్ దాటాక ముందుకి కదలట్లేదు. స్టైలెట్ (ట్యూబు లోపల పెట్టే, వంచగలిగే కడ్డీ) ఎంత వంచాలి, ఎప్పుడు లాగాలి? ఇంకో సంగతి: రేపటి లిస్టులో అడ్డపొగ (చుట్ట వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని) తాగే అరవయ్యేళ్లావిడ ఉన్నారు. అంగిలి మీద పుండు, బయాప్సీకి. నోరు రెండు వేళ్లే తెరుచుకుంటోంది.

జవాబు – మత్తు డాక్టరు, శ్రీకాకుళం
తెర నిండా కనపడటమే మీ ఇబ్బందికి మూలం. బ్లేడు మొన దగ్గరయ్యేకొద్దీ స్వరపేటిక ముందుకి ఒరుగుతుంది, ట్యూబు తిరగడానికి చోటుండదు. బ్లేడుని 1–2 సెం.మీ. వెనక్కి లాగండి. గ్లాటిస్ (కార్డ్స్ మధ్య సందు) తెర పై సగంలో, సగం మాత్రమే కనపడితే చాలు.

స్టైలెట్‌ని బ్లేడు పక్కన పెట్టి సరిగ్గా అదే వంపు తిప్పండి. సెట్‌తో గట్టి స్టైలెట్ వస్తే అదే వాడండి. మొన ట్యూబు దాటి బయటికి రాకూడదు. మామూలు బూజీ (ట్యూబుకి దారి చూపే సన్నటి కడ్డీ) ఈ వంపు నిలుపుకోదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

చూపు వరస: నోరు, తెర, నోరు, తెర. మూడోదాన్నే అందరూ ఎగ్గొడతారు. కళ్లు తెర మీద పెట్టి ట్యూబు తోస్తే కుడివైపు టాన్సిల్ పిల్లర్‌కో (టాన్సిల్ పక్కనుండే మడత), మెత్తటి అంగిలికో చిల్లు పడుతుంది, కెమెరాకి అది కనపడదు.

మొన కార్డ్స్ దాటగానే స్టైలెట్ 3–4 సెం.మీ. లాగించి, అప్పుడు ట్యూబు జరపండి. అయినా ట్రాకియా (శ్వాసనాళం) ముందు గోడకి తగిలి ఆగితే గడియారం దిశలో 90 డిగ్రీలు తిప్పండి. బెవెల్ (ట్యూబు కొస ఏటవాలు కోత) పైకి తిరిగి మొన కిందికి వాలుతుంది.

జవాబు – ఈఎన్‌టీ లిస్టులు చూసే మత్తు డాక్టరు
అడ్డపొగావిడ సంగతి వేరు. నోరు తెరుచుకోనిది నొప్పి వల్లా, బిగుసుకుపోవడం వల్లా అన్నది ముందు తేల్చండి. నొప్పి వల్లయితే మత్తిచ్చాక సడలుతుంది, ఫైబ్రోసిస్ (కణజాలం గట్టిపడటం) అయితే రిలాక్సెంట్ (కండరాలు సడలించే మందు) ఇచ్చినా సడలదు. కదిలే పళ్లు ఉన్నాయేమో కూడా చూడండి.

పుండు తగిలి రక్తం వచ్చిందంటే వీడియో పనైపోయినట్టే, ఒక్క చుక్క లెన్స్ మీద పడినా తెర ఎర్రబడుతుంది. బ్లేడు, ట్యూబు పుండుకి దూరంగా వెళ్లాలి, సక్షన్ (రక్తం, ఉమ్మి పీల్చేది) చేతికి అందేలా ఉండాలి. ఉమ్మి తగ్గడానికి గ్లైకోపైరోలేట్ 0.2 మి.గ్రా. ముందే ఇవ్వండి. పుండు పెద్దదైతే, లేదా బ్లేడు పట్టదనిపిస్తే, మెలకువగా ఉండగానే ముక్కు ద్వారా ఫైబర్ ఆప్టిక్ స్కోప్‌తో (వంగే సన్నటి కెమెరా గొట్టం) ట్యూబు వేయండి. పైపూతగా వాడే లిగ్నొకైన్ (తిమ్మిరి మందు) లీన్ బరువు (కొవ్వు తీసేసిన బరువు) లెక్కన కిలోకి 9 మి.గ్రా. దాటకూడదు. సర్జన్‌కి ముందే చెప్పి ట్రాకియాస్టమీ (మెడ ముందు నుంచి శ్వాసనాళానికి దారి చేయడం) సెట్ విప్పించి ఉంచండి.

అఖిల భారత డిఫికల్ట్ ఎయిర్‌వే అసోసియేషన్ 2016 మార్గదర్శకాల ప్రకారం ప్రయత్నాలు మూడు దాటకూడదు, మధ్యలో రక్తంలో ఆక్సిజన్ 95 శాతం కంటే తగ్గకూడదు. ప్రతిసారీ ఏదో ఒకటి మార్చండి. ట్యూబు కార్డ్స్ మధ్య నుంచి పోవడం తెర మీద చూసినా, కనీసం ఏడు శ్వాసలు క్యాప్నోగ్రాఫ్ (వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ చూపే పరికరం) వేవ్ నిలిస్తేనే నమ్మండి.

జవాబు – ఓటీ టెక్నీషియన్
లెన్స్‌కి మంచు పట్టే బాధ ఉంటే నోట్లో పెట్టే ఓ నిమిషం ముందే ఆన్ చేయండి సార్, లెన్స్ వేడెక్కుతుంది. కరెంటు పోయే రోజుల్లో ఛార్జింగ్ పొద్దున్నే చూసుకోవాలి, మామూలు మెకింతోష్ (కెమెరా లేని లారింగోస్కోప్) కూడా ట్రేలో ఉండాలి. కేబుల్ కనెక్టరుకి మూత పెట్టకుండా బ్లేడు ద్రావణంలో ముంచకండి, తడి చేరితే బొమ్మ వణుకుతుంది.