ఆరు ఉలులకి నీళ్ల గ్రైండర్ అవసరమా?

కూకట్‌పల్లి_చెక్కపని:
వారాంతాల్లో బాల్కనీలో చెక్కపని చేస్తుంటాను. నా దగ్గర ఆరు ఉలులు, రెండు రందాలు ఉన్నాయి. పోయిన ఆదివారం ముప్పావంగుళం ఉలిని ఆరంగుళాల బెంచ్ గ్రైండర్ మీద పెట్టాను. ఫోన్ మోగితే ఒక్క క్షణం అటు చూశాను, అంతే! అంచు నీలంగా మారిపోయింది. ఇప్పుడు టేకులో నాలుగు దెబ్బలు వేస్తే చాలు, మొన మడత పడుతోంది.

అందుకే నీళ్ల తొట్టిలో నెమ్మదిగా తిరిగే రాయి ఉన్న మెషీన్ కొందామనుకున్నాను. స్వీడన్ కంపెనీ టార్మెక్ ధర చూసి ల్యాప్‌టాప్ మూసేశాను. అదే పోలికలో చౌకవి కూడా ఉన్నాయి. టార్మెక్ తీసుకోనా, చౌకది తీసుకోనా, అసలేదీ వద్దా?

పొణికి_బొమ్మ:
ఏదీ వద్దు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

డాలస్_వడ్రంగి:
అంత తేలిగ్గా తీసిపారేయకండి. నేను చాలా ఏళ్లుగా టార్మెక్ వాడుతున్నాను, పాత టీ-7 మోడల్. లెక్క చూడండి. దాని రాయి వ్యాసం 250 మి.మీ., నిమిషానికి 90 చుట్లు తిరుగుతుంది. అంటే రాయి అంచు నిమిషానికి 70 మీటర్లు నడుస్తుంది. మీ ఆరంగుళాల గ్రైండర్ 2,850 చుట్లు తిరిగితే ఆ నడక 1,340 మీటర్లు. పంతొమ్మిది రెట్లు! పైగా ఇక్కడ రాయి నీళ్లు మోసుకొస్తూ ఉంటుంది. ఎంతసేపు నూరినా ఉలి చల్లగానే ఉంటుంది.

కార్బన్ స్టీల్ 300 డిగ్రీల దగ్గరికి వెళ్తే నీలం తేలుతుంది. అక్కడ గట్టిదనం పోయినట్టే, ఆ మేర అరగదీసి పారేయాలి. ఇందులో ఆ టెన్షన్ లేదు. ఉలిని ఒకే కోణంలో పట్టి ఉంచే జిగ్‌లో బిగిస్తే 25 డిగ్రీలంటే 25 డిగ్రీలే. రాయి 220 గ్రిట్ (గరుకుదనం కొలత, అంకె పెరిగేకొద్దీ నున్నన). దానికే గ్రేడింగ్ రాయి ఒత్తితే 1000 గ్రిట్‌లా నున్నగా పనిచేస్తుంది. చివర్లో రెండో వైపున్న తోలు చక్రం మీద మెరుగు పెడితే చేతి మీద వెంట్రుకలు లేచిపోతాయి.

నాన్న_సానరాయి:
డాలస్ అన్నయ్య చెప్పిన లెక్క తప్పు కాదు. కానీ ఉలి కాలింది గ్రైండర్ వల్ల కాదు.

మా నాన్న మండపేట దగ్గర వడ్రంగం చేసేవాడు. పదునుకి ఆయన దగ్గర ఉన్నవల్లా ఒక కార్బొరండం రాయి, సీసాలో కిరసనాయిలు కలిపిన నూనె, పాత బెల్టు ముక్క. మొనకి గంటు పడితే మాత్రం బజారులో గ్రైండర్ ఉన్న షాపుకి వెళ్లేవాడు. అక్కడ ఉలిని రాయికి ఆనించేవాడు, రెండు లెక్కపెట్టేవాడు, డబ్బాలో ముంచేవాడు. మళ్లీ ఆనించడం, మళ్లీ ముంచడం. వేళ్లు మొనకి అంగుళం దూరంలోనే ఉంచేవాడు. వేలికి వేడి తెలిసిందంటే మొన అప్పటికే ఇంకా వేడెక్కి ఉంటుంది అనేవాడు. ఒక్క ఉలీ నీలం తిరగడం నేను చూడలేదు.

తమ్ముడూ, నీ రాయి ఒకసారి చూడు. మొహం నున్నగా మెరుస్తోందా? అలాంటి రాయి ఇనుమును కోయదు, రుద్ది రుద్ది కాలుస్తుంది. రాయి మొహాన్ని చెక్కే డైమండ్ డ్రెస్సర్‌తో పైపొర తీసేయి. అది మామూలు బూడిదరంగు రాయి అయితే మార్చి, తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ రాయి వేసుకో.

అసలు సంగతి వేరే ఉంది. ఉలి వెనక వైపు చదునుగా ఉందా? పదును అంటే రెండు నున్నటి వైపులు కలిసే గీత. ముందు వైపును లక్ష రూపాయల మెషీన్ మీద నూరినా, వెనక గీతలుంటే ఆ గీతలే మొనలో పళ్లలా దిగుతాయి. గుండ్రటి రాయి ఆ వెనక వైపును చదును చేయలేదు. దానికి ఎలాగూ చదును రాయి కొనాలి. కొన్నాక మెషీన్‌తో పనేముంది?

డాలస్_వడ్రంగి:
టార్మెక్ రాయి పక్క మొహం మీద వెనక వైపు ఆనించవచ్చు. అయితే నేను కూడా ఆ పని చదును రాళ్ల మీదే చేస్తాను, ఒప్పుకుంటున్నాను.

పొణికి_బొమ్మ:
గుండ్రటి రాయి మీద నూరితే ముందు వైపు లోపలికి గుంట పడి మొన బలహీనమవుతుందని విన్నాను. నేను తెల్ల పొణికి చెక్కుతాను. మెత్తటి కర్ర కదా, మొన ఏమాత్రం తగ్గినా తెగదు, నలిగిపోతుంది.

డాలస్_వడ్రంగి:
గుంట ఎంతో చూద్దాం. 4 మి.మీ. మందం ఉలి, 25 డిగ్రీల వాలు. అంటే వాలు పొడవు సుమారు 9.5 మి.మీ. 250 మి.మీ. రాయి మీద గుంట 0.09 మి.మీ. ఆరంగుళాల రాయి మీదైతే 0.15. మామూలు కాగితం మందం అటూ ఇటూ! పైగా ఆ గుంట లాభమే. చదును రాయి మీద పెట్టినప్పుడు మడమ (వాలు వెనక చివర), మొన రెండే ఆనుతాయి, ఉలి ఊగదు.

అంకుడు_కర్ర:
నాది లేత్ పని. అందరూ నీళ్ల మెషీన్ లేత్ వాళ్లకే అంటారు, నేను మాత్రం అమ్మేశాను. మా గౌజులు, అంటే లేత్ మీద వాడే గాడి ఉలులు, హెచ్.ఎస్.ఎస్. (హై స్పీడ్ స్టీల్). అవి 500 డిగ్రీలు దాటినా గట్టిదనం వదలవు, నీలం చూసి భయపడనక్కర్లేదు. పనిలో ఉండగా గౌజుకి గబుక్కున పది సెకన్లు పదును కావాలి. అప్పుడు తొట్టిలో నీళ్లు పోసి, రాయి తాగేదాకా నిలబడి, మళ్లీ పోసి... నా వల్ల కాలేదు. కార్బన్ స్టీల్ ఉలులకైతే డాలస్ గారి మాట వేరు.

మిల్లు_బ్లేడ్లు:
ప్లేనర్ మెషీన్‌లో ఉండే పొడవాటి బ్లేడ్లు నూరాలంటే రాయి పడుకుని తిరిగే మకీటా 9820 చూడండి. 560 చుట్లు, నీళ్లు పైనుంచి కారతాయి, గుంట పడదు. ఆరు ఉలులకి మాత్రం అదీ ఎక్కువే.

కూకట్‌పల్లి_చెక్కపని:
మా బావ డిసెంబర్లో న్యూజెర్సీ నుంచి వస్తున్నాడు. అక్కడ కొని తెప్పించుకుంటే?

డాలస్_వడ్రంగి:
వద్దు బాబూ. బరువే దాదాపు 15 కిలోలు, ఒక సూట్‌కేస్ దానికే సరి. ఇక్కడి మోటారు 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌ది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ దిగుతుంది కానీ మీ 50 హెర్ట్జ్ మారదు. మోటారు ఆరో వంతు నెమ్మదిస్తుంది, వేడెక్కుతుంది. యూరప్‌లో ఎవరైనా ఉంటే అడగండి, అక్కడి కరెంటు మనలాంటిదే.

నాన్న_సానరాయి:
బావని చాక్లెట్లు తెమ్మను.

కూకట్‌పల్లి_చెక్కపని:
రెండు వారాల తరవాత రాస్తున్నాను. సనత్‌నగర్‌లో ఒకాయన పదంగుళాల చౌక మెషీన్ సెకండ్ హ్యాండ్‌లో అమ్ముతున్నాడంటే వెళ్లాను. తొట్టిలో ఎండిన బురద. స్విచ్ వేస్తే రాయికీ జిగ్ కడ్డీకీ మధ్య సందు ఒక చుట్టులో పెరిగి తగ్గుతోంది. ఉలి ఆనిస్తే చేతిలో ఎగిరి పడింది. డైమండ్‌తో సరిచేయవచ్చు అన్నాడాయన, ఆ డైమండ్ పరికరం మాత్రం ఇవ్వనన్నాడు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఇంట్లో పాత గ్రైండర్ రాయికే డ్రెస్సర్ పట్టించాను. ఆనించడం, ముంచడం. నీలం పోయేసరికి ఉలి 4 మి.మీ. పొట్టిదైంది, మళ్లీ మాత్రం కాలలేదు. ఇప్పుడు వెనక వైపు చదును చేస్తున్నాను. 1000 రాయి మీద రెండు సాయంత్రాలుగా రుద్దుతున్నా మధ్యలో ఇంకా నల్లగానే ఉంది. ఎంతసేపు పడుతుంది ఇది?

నాన్న_సానరాయి:
1000 మీద మొదలుపెట్టమని ఎవరన్నారు తమ్ముడూ? అద్దం పలక మీద 220 వాటర్ పేపర్ అంటించు, ముందు దాని మీద రుద్దు.