18 దాటిన మానసిక దివ్యాంగులకు వ్యాయామం: పార్కులో అందరితో కలపాలా, వేరే బ్యాచ్ పెట్టాలా?

కాలనీ_కార్యదర్శి (విజయవాడ)

అందరికీ నమస్కారం. పటమట వైపు మా కాలనీ సంఘం తరఫున మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్లకి వారానికి మూడు రోజులు వ్యాయామం మొదలుపెడదామని అనుకున్నాం. 14 మంది పేర్లిచ్చారు. ఐదుగురికి డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఒక క్రోమోజోము ఎక్కువ ఉండే స్థితి), ముగ్గురికి ఫిట్స్ మందులు నడుస్తున్నాయి. బడి వయసులో భవిత కేంద్రమో (ప్రత్యేక అవసరాల పిల్లల ప్రభుత్వ కేంద్రం) స్పెషల్ స్కూలో ఉంటుంది, ఆ తర్వాత చాలామంది టీవీ ముందు కూర్చోవడమే. పార్కులో పొద్దున్నే వాకర్స్ క్లబ్బు, యోగా బ్యాచ్ ఉన్నాయి. "మాతో కలిపేయండి" అంటున్నారు వాళ్లు. కమిటీలో సగం మంది మాత్రం కమ్యూనిటీ హాల్లో వేరే బ్యాచ్ పెట్టాలంటున్నారు. కారణాలతో చెప్పండి. మీటింగులో చదివి వినిపిస్తాను.

ఫిజియో_గుంటూరు

వేరే బ్యాచ్ పెట్టండి, కనీసం మొదటి మూడు నెలలు. నాకు వాకర్స్ క్లబ్బుతో పేచీ లేదండీ, యోగా బ్యాచ్‌తోనే భయం.

డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో పది నుంచి ఇరవై శాతం మందికి మెడలో పైనున్న రెండు వెన్నుపూసల మధ్య కీలు వదులుగా ఉంటుంది. చాలామందికి లక్షణాలేమీ ఉండవు. కానీ మెడ బలంగా వంగినా, తల మీద బరువు పడినా వెన్నుపాము నలిగే ప్రమాదం ఉంది. మన పార్కు యోగాలో రోజూ వేయించేవేమిటి? హలాసనం, సర్వాంగాసనం, ఉత్సాహం ఎక్కువైతే శీర్షాసనం. పక్కవాళ్లు ఏది చేస్తే వీళ్లూ అది చేస్తారు, పైగా శరీరం సాగుడు ఎక్కువ కాబట్టి అందరికంటే సులువుగా వేస్తారు. "అబ్బ, ఎంత బాగా వంగుతున్నాడో" అని గురువుగారు మెచ్చుకుంటారు. ఆ వంగడమే మనకి హెచ్చరిక. పిల్లిమొగ్గలు, తలతో బంతి కొట్టడం, ఈతకొలనులో డైవింగ్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

చేర్చుకునే ముందు ఇంట్లోవాళ్లని అడగాల్సినవి: మెడ నొప్పి, మెడ ఒక పక్కకి వాలిపోవడం, ఈమధ్య నడక మారడం, చేతిలో వస్తువులు జారిపోవడం, కొత్తగా మూత్రం ఆపుకోలేకపోవడం. వీటిలో ఒక్కటి ఉన్నా వ్యాయామం ఆపి న్యూరాలజిస్టుకి చూపించాలి. ఎక్స్‌రే బాగుందని తోసిపుచ్చకండి, లక్షణమే ముఖ్యం.

ఇంకా రెండు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవాళ్లలో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండె లోపం ఉంటుంది, కాబట్టి పాత ఎకో రిపోర్టు, ఆపరేషన్ కాగితాలు చూడండి. థైరాయిడ్ తగ్గడం కూడా వీళ్లలో మామూలే. ఏడాదికోసారి టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించాలి. బద్ధకమనో మొండితనమనో అందరూ అనుకునేది చాలాసార్లు అదే.

పిఈటీ_బెజవాడ

ఫిజియో గారు చెప్పిన జాగ్రత్తలన్నీ ఒప్పుకుంటాను. ముగింపుతోనే పేచీ. యోగా ప్రమాదమైతే యోగా మానేయిద్దాం. దానికి పార్కే ఎందుకు మానేయించాలి?

హాల్లో మూడు నెలలు నేర్పి తర్వాత పార్కుకి తీసుకొస్తే ఏమవుతుందో ఈ రంగంలో ఉన్నవాళ్లకి తెలుసు. మళ్లీ మొదటికొస్తుంది. ఒక చోట నేర్చినదాన్ని ఇంకో చోటికి తీసుకెళ్లడమే వీళ్లకి అన్నిటికంటే కష్టం. హాలు నేల, హాలు శబ్దం, ఆ సార్ గొంతు... అన్నీ కలిపి నేర్చుకుంటారు. బయట కుక్క అరిచినా, ట్రాక్ మీద ఎవరైనా ఎదురొచ్చినా ఆగిపోతారు. ఏ చోట జీవితాంతం నడవాలో ఆ చోటే మొదటి రోజు నుంచి నేర్పాలి.

"కలపడం" అంటే గుంపులో వదిలేయడం కాదు. స్పెషల్ ఒలింపిక్స్ (మేధో వైకల్యం ఉన్నవాళ్ల ఆటల సంస్థ) వాళ్ల యూనిఫైడ్ స్పోర్ట్స్‌లో వైకల్యం ఉన్నవాళ్లు, లేనివాళ్లు ఒకే జట్టులో ఆడతారు. ఆ పద్ధతే ఇక్కడ పెట్టండి. మొదటి నెల ఒకరికి ఒక తోడు, తర్వాత ఇద్దరికి ఒకరు, నాలుగో నెలకి నలుగురికి ఒకరు. 14 మందికి మొదట్లో 16 మంది వాలంటీర్లు కావాలి, ఎందుకంటే ఇద్దరు ఎలాగూ రారు.

వాలంటీర్లకి అరగంట చెప్తే చాలు. ఒకసారికి ఒకే మాట. చెప్పడం కాదు, చేసి చూపించడం. చూపించాక పది సెకన్లు నోరు మూసుకుని ఆగడం. ఈ మూడోదే ఎవరూ చేయరు. జవాబు రాకముందే మళ్లీ అడుగుతారు, అవతలివాళ్లు మొదటి మాటని పూర్తి చేసుకునేలోపే రెండోది వచ్చి పడుతుంది, అక్కడితో ఆగిపోతారు. దాన్ని "వినడం లేదు" అంటారు.

"పది నిమిషాలు నడువు" అన్న మాట చాలామందికి అర్థం కాదు. కుడిచేతికి ఐదు రంగు రబ్బరు బ్యాండ్లు వేయండి. ఒక రౌండ్ అయ్యాక ఒకటి తీసి గేటు దగ్గర డబ్బాలో వేయాలి. చెయ్యి ఖాళీ అయితే నడక అయిపోయినట్టు. లెక్క రానివాళ్లకీ ఎంత మిగిలిందో కళ్లకి కనిపిస్తుంది. వారం తర్వాత ఆరో బ్యాండు వేయండి.

జిమ్_కోచ్_అరండల్‌పేట

పిఈటీ సార్ మాటకే నా ఓటు. కాకపోతే వాకర్స్ క్లబ్బు పెద్దలకి ఒకటి చెప్పి పెట్టండి. చేతికున్న స్మార్ట్‌వాచ్ చూసి "గుండె ఇంకా 115 దగ్గరే ఉంది, పరిగెత్తు బాబూ" అనొద్దని.

డౌన్ సిండ్రోమ్‌లో గుండె వేగం అందరిలా పైకి వెళ్లదు. 25 ఏళ్లవాడికి 220లోంచి వయసు తీసేసే లెక్కలో గరిష్ఠం 195 వస్తుంది. డౌన్ సిండ్రోమ్ ఉంటే నిజానికి అది 165 దగ్గర ఉంటుంది. అందులో 70 శాతం అంటే 115. వాచీ 136 కావాలని అడుగుతుంటుంది, మనిషి అప్పటికే సరిపడా కష్టపడుతూ ఉంటాడు. నడుస్తూ మాట్లాడగలడా అని చూసే పద్ధతీ మాటలు తక్కువ ఉన్నవాళ్లకి పనిచేయదు. అడుగులు తడబడటం, పెదాల రంగు మారడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, ఉన్నట్టుండి కూర్చోవడం... ఇవే మన మీటర్లు. కూర్చున్నవాళ్లని చెయ్యి పట్టి లాగొద్దు.

నడక ఒక్కటే సరిపోదు. వారంలో రెండు రోజులు కండలకి పని ఉండాలి. వ్యాయామానికి వాడే పొడుగు రబ్బరు బ్యాండు లాగడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకి పుషప్స్. పది చొప్పున రెండు సెట్లు. పైకి లెక్కపెట్టించండి. లెక్కపెడుతుంటే ఊపిరి బిగపట్టడం కుదరదు, అసలు లాభం అదే. లెక్క రాకపోతే "హా" అనిపించండి.

ఫిజియో_గుంటూరు

సార్, 16 మంది వాలంటీర్లు పొద్దున్నే రెండో నెల దాకా వస్తారంటారా? మొదటి వారం ఫొటోలకి పాతిక మంది ఉంటారు, ఐదో వారానికి ఆరుగురు మిగులుతారు. అప్పుడు అదే పార్కులో 14 మంది, నాలుగు గేట్లు, బయట రోడ్డు. హాలుకి ఒకటే తలుపు. నా వాదనలో సగం అదే.

అమ్మ_గవర్నర్‌పేట

అందరూ ఎక్కడ చేయించాలని వాదిస్తున్నారు. ఏ టైముకి అన్నది ఎవరూ అడగలేదు.

ప్రవర్తన అదుపుకని ఇచ్చే రిస్పెరిడోన్ లాంటి మందులు రాత్రి వేసుకునేవాళ్లు పొద్దున్న 5:30కి మత్తులో ఉంటారు. బలవంతంగా లేపి తెస్తే ఆ రోజంతా చిరాకు, మర్నాటి నుంచి పార్కు అంటేనే ఏడుపు. ఫిట్స్ ఉన్నవాళ్లకి నిద్ర తగ్గితే ఫిట్స్ వస్తాయి. పొద్దుటి మాత్ర ఆలస్యమైనా అంతే. వేసవి కాని నెలల్లో 6:30 నుంచి 7:15 పెట్టుకోండి.

ఇంకోటి, తిండి. కార్యక్రమం పాడయ్యేది అక్కడే. ఒక రౌండ్ నడిస్తే బిస్కెట్, బాగా చేస్తే చాక్లెట్. తర్వాత వాకర్స్ క్లబ్బు వాళ్ల టిఫిన్, మైసూర్ బోండాలు, ప్రేమతో ఇంకో రెండు. 70 కిలోల మనిషి అరగంట మామూలుగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 120 నుంచి 150 క్యాలరీలు. 300 మిల్లీ కూల్‌డ్రింక్ తాగితే అదంతా తిరిగొచ్చినట్టే. రిస్పెరిడోన్, ఫిట్స్ మందు వాల్‌ప్రోయేట్ రెండూ బరువు పెంచేవే, మొదటిది ఆకలీ పెంచుతుంది. ప్రాడర్ విల్లీ సిండ్రోమ్ ఉన్నవాళ్లెవరైనా ఉంటే వాళ్లకి కడుపు నిండిందన్నదే తెలియదు, ఆ బ్యాచ్‌లో తిండి కంటికే కనపడకూడదు. బహుమతిగా స్టిక్కరు ఇవ్వండి, ఇష్టమైన పాట పెట్టండి, బ్యాండ్ల డబ్బా మోసే పని అప్పజెప్పండి. ఆ డబ్బా కోసం పోటీ పడతారు.

ఆడపిల్లలకి ఆడ వాలంటీరే ఉండాలి. ఒంటరిగా ఎవరితోనూ ఎక్కడికీ పంపకూడదు. బాత్రూమ్ ఉన్న చోటే పెట్టాలి. పార్కులో అది తాళం వేసి ఉంటే నా ఓటు హాలుకే. వాట్సాప్‌లో పిల్లల ఫొటోలు అడక్కుండా పెట్టడం ఆపండి, వాళ్లు పెద్దవాళ్లు.

పిఈటీ_బెజవాడ

అమ్మగారూ, టైము మాట నిజం. బాత్రూమ్ తాళం సంఘం తీయించాల్సింది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో 30వ సెక్షన్ క్రీడల్లో వీళ్ల భాగస్వామ్యం చూడాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే అంటోంది. కమిషనర్‌కి అర్జీ పెట్టేటప్పుడు ఆ సెక్షన్ నంబరు వేయండి. తాళం ఉందని మనమే తప్పుకుంటే అది ఎప్పటికీ ఊడదు.

డాక్టర్_ఓపీ

ఎండ సంగతి ఎవరూ ఎత్తలేదు. బెజవాడలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇదే ముఖ్యం.

చేతులు వణక్కుండా ఇచ్చే పాసిటేన్, ఫిట్స్‌కి ఇచ్చే టోపిరమేట్, ఈ రెండూ చెమట తగ్గిస్తాయి. ఒళ్లు చల్లబడే దారి మూసుకుపోతుంది. మిగతావాళ్లు చెమటతో తడిసిపోతుంటే ఇతను ఎర్రగా, పొడిగా ఉంటాడు. చూసేవాళ్లు "ఇతనికి అలుపే లేదు" అనుకుంటారు. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతుంటే నీడకి తీసుకెళ్లి, బట్టలు తడిపి, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయండి. వేసవిలో ఈ మందులవాళ్లకి ఫ్యాన్లున్న హాలే. ఆ మూడు నెలలకి ఈ చర్చే అక్కర్లేదు.

దాహం వేసినా చెప్పలేరు కొందరు. పావుగంటకోసారి అర గ్లాసు, అంటే 150 మిల్లీ, చేతికిచ్చి తాగించండి. ఓఆర్ఎస్ వాడితే పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరులో కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్ కలపడం ప్రమాదం. దీనికి ఎదురు సమస్యా ఉంది. కొందరు సీసా మీద సీసా తాగేస్తారు. కార్బమాజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్ అనే ఫిట్స్ మందులు వాడేవాళ్లలో సోడియం తగ్గే గుణం ముందే ఉంటుంది, అతిగా నీళ్లు తాగితే అదే ఫిట్స్ తెప్పిస్తుంది. వాళ్లకి నీళ్లు కొలిచే ఇవ్వండి.

ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కింద తువ్వాలు పెట్టండి, టైము చూడండి. తాళాలగుత్తి చేతిలో పెట్టడం, నోట్లో స్పూను దూర్చడం వద్దు. ఐదు నిమిషాలు దాటితే 108.

స్పెషల్_టీచర్

ఫలితం ఎలా కొలుస్తారో కూడా ముందే తేల్చుకోండి, లేకపోతే ఆర్నెల్లకి "బరువు తగ్గలేదు, ఆపేద్దాం" అంటారు. బరువు చివరగా కదిలేది. నడుము చుట్టుకొలత, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడిచారు, అరనిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచారు, ఈ మూడూ మూడు నెలలకోసారి రాయండి. నడకకి 30 మీటర్ల గీత, రెండు చివరలా కోన్లు. కుర్చీ ఎత్తు 43 సెంటీమీటర్లు, చేతులు గుండె మీద కట్టుకోవాలి. ప్రతిసారీ అదే కుర్చీ.

తప్పు జరిగేది మొదటి కొలతలోనే. పరీక్ష ఏమిటో అర్థంకాక మధ్యలో ఆగుతారు, తక్కువ వస్తుంది. మూడు నెలలకి పరీక్ష అర్థమై ఉంటుంది, ఎక్కువ వస్తుంది. అది ఫిట్‌నెస్ కాదు. రెండుసార్లు ఉత్తుత్తి పరీక్ష పెట్టాకే మొదటి అంకె రాయండి. పక్కన నడిచేవాళ్లు అర అడుగు వెనక ఉండాలి. ముందుంటే నడక వేగం వాళ్లదవుతుంది.

పార్కా హాలా అంటే నేను పార్కే అంటాను, కానీ 14 మందినీ ఒకేసారి కాదు. నలుగురితో మొదలుపెట్టండి.

కాలనీ_కార్యదర్శి (విజయవాడ)

చాలా ఉపయోగపడింది. ఇద్దరు తల్లిదండ్రులు "సదరం సర్టిఫికెట్ ఉందిగా, మళ్లీ డాక్టరు ఎందుకు?" అంటున్నారు. నిజంగా అందరికీ డాక్టరు సర్టిఫికెట్ అడగాలా?

డాక్టర్_ఓపీ

సదరం వైకల్యం ఎంత శాతమో చెప్తుంది. వ్యాయామానికి పనికొస్తారా అన్నది అందులో ఉండదు. కానీ అందరికీ సర్టిఫికెట్ పెడితే సగం మంది తిరిగి రారు. ఒక పేజీ ఫారం పెట్టండి. ఫిజియో గారు చెప్పిన మెడ ప్రశ్నలు, గుండె ఆపరేషన్, ఆఖరిసారి ఫిట్స్ ఎప్పుడు వచ్చాయి, మందులు. "అవును" వచ్చినవాళ్లనే డాక్టరు దగ్గరికి పంపండి. నేషనల్ ట్రస్ట్ (కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ల నిరామయ ఆరోగ్య బీమాకి అర్హులైనవాళ్లు అందులో చేరితే వైద్య ఖర్చులకి ఏడాదికి లక్ష దాకా వస్తుంది, ఓపీ ఖర్చులకీ పరిమితి మేరకు ఇస్తారు. ఏటా రెన్యువల్ చేయించడం మరచిపోతారు, ఆ తేదీ కూడా ఫారంలోనే రాసుకోండి.

ఫిజియో_గుంటూరు

నలుగురితో పార్కులో అంటే నాకూ అభ్యంతరం లేదు. యోగా చాపల దగ్గరికి మాత్రం వద్దు.

అమ్మ_గవర్నర్‌పేట

మందుల గడి ఇంట్లోవాళ్ల నోటిమాట విని నింపకండి. "ఫిట్స్ బిళ్ల, తెల్లది" అని రాయిస్తారు. స్ట్రిప్ తెమ్మనండి, చూసి పేరు, ఎన్ని ఎంజీ, ఏ పూట వేస్తున్నారో రాయండి. డాక్టరు మార్చిన ప్రతిసారీ కొత్త స్ట్రిప్ చూసి దిద్దండి.