చేతిరాత మందుల చీటీలను నిషేధించాలా?

చర్చ ప్రారంభించినవారు: నల్లమల

చదవగలిగే మందుల చీటీ పొందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద రోగి హక్కేనని 2025 ఆగస్టులో పంజాబ్, హర్యానా హైకోర్టు తీర్పు చెప్పింది. కంప్యూటర్ చీటీలు వచ్చేదాకా వైద్యులు ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లోనే రాయాలన్నది. నిజానికి వీలైనంతవరకు పెద్ద అక్షరాల్లో స్పష్టంగా రాయాలని భారత వైద్య మండలి నియమావళిలో 2016లోనే చేర్చారు. అప్పటినుంచీ మారని అలవాటును ఇంకో ఆదేశం మారుస్తుందన్న నమ్మకం నాకు లేదు కాబట్టి, ప్రైవేటు క్లినిక్కులతో సహా అందరికీ గడువు పెట్టి చేతిరాతను మాన్పించాలని నా వాదన. న్యూయార్క్ రాష్ట్రం కొన్ని మినహాయింపులతో 2016 మార్చి నుంచి ఆ పనే చేసింది.

జనరల్ ఫిజీషియన్, కడప

నేను చేతితోనే రాస్తాను. అర్థం కాకపోతే షాపువాళ్లు ఫోన్ చేస్తారు, ఆ ఫోన్ కూడా ఒక రక్షణే. సాఫ్ట్‌వేర్ పాత పొరపాట్లను తీసేసి కొత్తవాటిని తెస్తుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో కంప్యూటర్ ద్వారా మందులు రాసే పద్ధతి 22 రకాల పొరపాట్లకు తావిచ్చిందని 2005లో ఒక అధ్యయనం తేల్చింది. ఉదాహరణకు, కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. నేనైతే 'ఆదివారం మాత్రమే' అని రాసి కింద గీత గీస్తాను. నేను చూసిన ఒక సాఫ్ట్‌వేర్‌లో మాత్ర పేరు ఎంచుకోగానే 'రోజుకు ఒకటి' అని దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఓపీ హడావిడిలో దాన్ని మార్చడం మరిచిపోతే ఆ తప్పు చక్కటి అక్షరాల్లో అచ్చవుతుంది, అచ్చులో ఉంది కాబట్టి షాపులో ఎవరూ మళ్లీ అడగరు.

మెడికల్ షాపు, వరంగల్

ఎవరూ అడగరన్న మాటను ఒప్పుకోలేను, డాక్టరు గారూ. మెథోట్రెక్సేట్‌కు నెలకు ముప్పై మాత్రలని కనబడితే నేను ఫోన్ చేయకుండా ఇవ్వను. (షాపులో ఫార్మసిస్టు ఉన్నప్పటి మాట ఇది; లేని షాపుల సంగతి మనందరికీ తెలిసిందే.)

అసలు లోపం వేరేచోట ఉంది. కంప్యూటర్‌లో తయారైన చీటీ అయినా నా దగ్గరికి కాగితంగానో వాట్సాప్ ఫోటోగానో వస్తుంది, దాన్ని చూసి నేను బిల్లింగ్‌లో మళ్లీ టైపు చేస్తాను. ఇంగ్లండ్‌లోలాగా రోగి ఎంచుకున్న షాపుకు నేరుగా రాదు. ఆందోళనకు ఇచ్చే, అలవాటుపడే ప్రమాదమున్న ఆల్ప్రాజోలం లాంటి మందులు హెచ్1 అనే కట్టుదిట్టమైన జాబితాలో ఉన్నాయి; వాటిని అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. అయితే పక్క షాపు రిజిస్టరు నాకు కనబడదు. నేను మాత్రలిచ్చి ముద్ర వేసిన కాగితాన్ని పక్కనపెట్టి, ముందే తీసుకున్న ఫోటోతో అదే మనిషి ఇంకో రెండు షాపులకు వెళ్లగలడు. చేతిరాతైనా, అచ్చైనా ఆ దారి మూసుకుపోదు.

ఎంఎల్‌హెచ్‌పీ (గ్రామ ఆరోగ్య కేంద్రంలోని మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది), ప్రకాశం జిల్లా

దూరంలోని డాక్టరుకు వీడియోలో చూపించుకునే ఈ-సంజీవనిని ఆరోగ్య కేంద్రాల్లో మొదట అమలు చేసింది మన ఆంధ్రప్రదేశే, 2019 నవంబరులో. హబ్‌లో, అంటే అవతలి కేంద్రంలో ఉన్న డాక్టరు రాసింది మాకు స్పష్టంగానే కనబడుతుంది. కానీ '1-0-1' (ఉదయం ఒకటి, రాత్రి ఒకటి) అని అచ్చయిన కాగితం చదువురాని అవ్వకు ఎంత చక్కగా ఉన్నా ఒకటే. మేము మాత్రల కవరు మీద సూర్యుణ్ణి, చంద్రుణ్ణి గీసి ఇస్తున్నాం. తప్పనిసరి చేసేవారు ఆ బొమ్మలు కూడా అచ్చయ్యేలా చూడాలి.

నల్లమల

వరంగల్ మిత్రులు చెప్పినదాన్ని బట్టి, అందరికీ ఒకేసారి అనడం కన్నా హెచ్1 మందులతో మొదలుపెట్టడం మేలనిపిస్తోంది. ఒక షాపులో మందు ఇవ్వగానే ఆ చీటీ చెల్లకుండా పోవాలి. డాక్టరు గారూ, దీనికైనా మీకు అభ్యంతరం ఉందా?

జనరల్ ఫిజీషియన్, కడప

హెచ్1కు సరే. మోతాదు గడిని మాత్రం ఖాళీగా ఉంచి, నేను నింపితే తప్ప చీటీ ముందుకు కదలకుండా చేయాలి. జ్వరం మాత్రకు కూడా లాగిన్ కావాలంటే నేను ఒప్పుకోను.