క్రిస్మస్ రాత్రి భోజనం తరువాత తాగడానికి ఏ వింటేజ్ పోర్ట్ కొనాలి?

అపరాజిత:

అందరికీ నమస్కారం. ఈ క్రిస్మస్‌కు మా ఇంట్లో ఎనిమిది మందిమి కలుస్తున్నాము. భోజనం ముగిశాక నింపాదిగా కూర్చుని తాగడానికి మంచి వింటేజ్ పోర్ట్, అంటే ఒకే మంచి సంవత్సరపు పంటతో చేసే పోర్చుగల్ తీపి వైన్, రెండు సీసాలు కొనాలని అనుకుంటున్నాను. ఇన్నాళ్లూ పోర్ట్‌లోనే రూబీ, పదేళ్ల టానీ వంటి మామూలు రకాలు తాగుతూ వచ్చాము గానీ వింటేజ్ పోర్ట్ జోలికి ఎప్పుడూ వెళ్లలేదు.

అమ్మకానికి ఉన్నవాటిలో మూడు రకాలు నా దృష్టికి వచ్చాయి. మొదటిది, అందరూ గొప్పగా చెప్పుకునే 2011 పంటలో ఒక పెద్ద సంస్థ సీసా. రెండవది, మా అన్నయ్య పుట్టిన 1985 నాటిది. మూడవది, పెద్ద సంస్థలదే అయినా ఒకే తోట పేరుతో వచ్చిన 1990ల చివరినాటి సీసా. ఈ మూడవదాని ధర మిగిలిన రెండింటికంటే బాగా తక్కువగా ఉంది, నాణ్యత తక్కువ కావడమే అందుకు కారణమా అన్నది నా సందేహం. వదిన పుట్టిన 1988 నాటి వింటేజ్ పోర్ట్ కోసం కూడా వెతికాను గానీ దొరకలేదు.

వచ్చేవారిలో ఇద్దరికి వైన్ గురించి బాగా తెలుసు. మిగిలినవారికి ఈ లెక్కలేవీ పట్టవు, రుచి నచ్చితే చాలు. అంత ఖరీదు పెట్టి తెచ్చిన సీసా ఇంకా తాగే దశకు రాలేదని మూత తీశాక తెలిస్తే ఉసూరుమంటుంది. అనుభవమున్నవారు ఎలా ఎంచుకోవాలో దయచేసి చెప్పండి.

నింపాది:

అపరాజిత గారూ, సంస్థ పేరు చూసే ముందు సీసా వయసు చూడండి. క్రిస్మస్ కోసం కొనేటప్పుడు చాలామంది ఈ వరుసను తిరగేసి, గొప్ప పంట, గొప్ప పేరు చూసి తీసుకుంటారు.

పోర్ట్ తయారీలో ద్రాక్షరసం సగం పులిసేసరికే 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష సారాను కలిపి ఆ పులియడాన్ని ఆపేస్తారు. అందుకే తీపి మిగులుతుంది, ఆల్కహాల్ 20 శాతం దగ్గర నిలుస్తుంది. టానీని ఏళ్ల తరబడి పీపాల్లో ఉంచి, అక్కడే మెత్తబరచి, తాగడానికి సిద్ధమయ్యాక సీసాల్లోకి ఎత్తుతారు. వింటేజ్ పోర్ట్ సంగతి వేరు. కోత జరిగిన రెండు మూడేళ్లలోనే, వడగట్టకుండా సీసాలో పోసి బిరడా బిగించేస్తారు. పీపాలో జరగవలసిన పరిణామమంతా ఆ సీసాలోనే, గాలి దాదాపు సోకకుండా, అతి నెమ్మదిగా జరగాలి. పంట ఎంత బలమైనదైతే వగరు అంత ఎక్కువగా ఉంటుంది, ఆ వగరు తీపిలో కలిసిపోవడానికి అంత ఎక్కువ కాలం పడుతుంది. కాబట్టి 2011 గొప్ప పంట అన్న మాటలోనే, దాన్ని ఇప్పుడే తాగడానికి తొందరపడకూడదన్న సంగతి కూడా ఇమిడి ఉంది. అది ఇప్పుడు పచ్చిగా ఏమీ ఉండదు. అయితే మొదటి ఏళ్ల పళ్ల పరిమళం అణిగిపోయి, పాతబడ్డాక వచ్చే సువాసన ఇంకా తెలియని మధ్య దశలో చాలా సీసాలు ఉంటాయి. కొని దాచుకోవడానికి దానికంటే మంచిది చెప్పలేను గానీ, ఈ డిసెంబరుకు మాత్రం వద్దంటాను.

ఏ సంవత్సరపు పంటతో వింటేజ్ పోర్ట్ చేయాలో ప్రకటించడం ప్రతి సంస్థా సొంతంగా తీసుకునే నిర్ణయం. పోర్ట్ ద్రాక్ష పండే పోర్చుగల్‌లోని డౌరో లోయలో ప్రతి ఏడూ కోత జరుగుతుంది, కానీ ఏ సంస్థ అయినా తన పంట నిజంగా ఆ స్థాయిలో ఉందనుకుంటేనే ప్రకటిస్తుంది. పెద్ద సంస్థలన్నీ కలిసి ప్రకటించే సంవత్సరాలు దశాబ్దానికి సుమారు మూడు వస్తాయి. 1963, 1970, 1977, 1985, 1994, 2000, 2003, 2007, 2011 అటువంటివి. 2016, 2017 వరుసగా రెండేళ్లూ ప్రకటించడం అరుదైన విషయం. 1988లో అటువంటి సాధారణ ప్రకటన జరగలేదు, మీ వదినగారి సంవత్సరం దొరకకపోవడానికి కారణం అదే. ఆ సంవత్సరపు కొల్యేటా దొరుకుతుందేమో చూడండి. అది ఒకే పంటతో చేసి కనీసం ఏడేళ్లు పీపాలో ఉంచిన టానీ, దాని మీద కోత సంవత్సరంతో పాటు సీసాలో పోసిన సంవత్సరం కూడా ఉంటుంది. లేబుల్ మీద సంవత్సరం కనిపించినంత మాత్రాన అది వింటేజ్ పోర్ట్ కాదని గుర్తుంచుకోవాలి. లేట్ బాటిల్డ్ వింటేజ్ మీద కూడా సంవత్సరం ఉంటుంది, దాన్ని కోత తరువాత నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య సీసాలో పోస్తారు.

ఇక మీ అసలు సందేహం, ఆ ఒకే తోట సీసా ఎందుకు చవకన్నది. టేలర్స్ వారికి వార్జెలాస్, గ్రాహమ్స్ వారికి మల్వెడోస్, డౌస్ వారికి బొంఫిమ్ తోటలు ఉన్నాయి. ప్రకటించిన సంవత్సరాల్లో ఆ తోటల ద్రాక్షే వారి ప్రధాన వింటేజ్‌కు ప్రాణం. ప్రకటించని సంవత్సరాల్లో పంట బాగుంటే దాన్ని ఆ తోట పేరుతోనే విడిగా సీసాల్లో పోస్తారు, వీటినే సింగిల్ కింటా అంటారు. అదే నేల, వారే మనుషులు, అదే శ్రద్ధ. సాంద్రత కాస్త తక్కువ, పేరు బాగా తక్కువ, అందుకే ధర తక్కువ. పైగా ఇవి ప్రధాన వింటేజ్ కంటే ముందుగా పక్వానికి వస్తాయి, మీకు కావలసింది అదే కదా. 1998 వార్జెలాస్ గానీ, అదే సంవత్సరం ఫొన్సేకా వారు గిమరాయిన్స్ పేరుతో తెచ్చినది గానీ కనిపిస్తే రెండో ఆలోచన లేకుండా తీసుకోండి. గిమరాయిన్స్ ఒకే తోటది కాదు, కానీ దాని వెనుక ఉన్న ఆలోచన ఇదే.

ఒక సింగిల్ కింటా, ఒక 1985: నేనైతే ఈ జతనే ఎంచుకుంటాను. 1985లో ఫొన్సేకా, గ్రాహమ్స్ బాగా కుదిరాయి. ఆ సంవత్సరం కొన్ని సంస్థల సీసాలు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఉంటాయి కాబట్టి అక్కడ మాత్రం సంస్థ పేరు చూసి కొనడమే క్షేమం. ఈ రెంటినీ ఒకే రాత్రి తెరవవద్దు, ఒకటి క్రిస్మస్ ముందు రాత్రికి ఉంచుకోండి. పక్కపక్కన పోస్తే చిన్నదాని బలం ముందు పెద్దదాని సున్నితత్వం వెలవెలబోతుంది.

రసజ్ఞ:

నింపాది గారు చెప్పినదానిలో చాలా భాగంతో ఏకీభవిస్తాను, ఒక్క 1985 విషయంలో తప్ప. మీ అతిథుల్లో ఎక్కువమందికి వింటేజ్ పోర్ట్ కొత్త. నలభై ఏళ్ల సీసాలో రంగు పలచబడి ఇటుక ఎరుపుకు తిరుగుతుంది. తాజా పళ్ల రుచి పోయి ఎండు అంజీరు, తోలు, తేనె, పొగాకు వంటి వాసనలు ముందుకు వస్తాయి. వాటిని ఇష్టపడేవారికి అంతకు మించినది లేదు. కానీ రూబీకి అలవాటుపడినవారు ఆ గ్లాసు చేతికి తీసుకుని, మనం ఎప్పుడూ తాగే టానీకి దీనికీ తేడా ఏమిటని అడిగే అవకాశం ఉంది. నల్లని పళ్ల నిండుతనమూ, దానితో పాటే వయసు తెచ్చిన మెత్తదనమూ ఒకే గ్లాసులో తెలియాలంటే పాతికేళ్ల దగ్గరి సీసాలే సరైనవని నా అభిప్రాయం.

అందుకు 2000, 2003 సంవత్సరాలను చూడమంటాను. 2003 వేసవిలో ఐరోపా అంతటా విపరీతమైన ఎండలు కాశాయి, డౌరోలో ద్రాక్ష బాగా పండింది, ఆ సంవత్సరపు పోర్ట్‌లలో తీపి, కండ ఎక్కువగా ఉండి ముందుగానే తాగడానికి అనువుగా తయారయ్యాయి. 2000 పంట ఇంకా పొందికైనది, దానికి మాత్రం ఉదయమే డికాంటర్ అనే గాజు కూజాలోకి ఒంపి సాయంత్రం వరకు ఉంచగల ఓపిక కావాలి. మీ అన్నయ్యగారి కోసం 1985 తప్పనిసరి అనుకుంటే, దాన్ని వైన్ తెలిసిన ఆ ఇద్దరితోనూ అన్నయ్యగారితోనూ కలిసి తాగండి. అందరికీ పోసేది మాత్రం వేరేదిగా ఉండాలి.

నింపాది:

రసజ్ఞ గారి మాటలో నిజముంది. అయితే కొత్తవారికి పాతది నచ్చదని ముందే తీర్మానించుకోవడం నాకు ఇష్టం లేదు. పాత పోర్ట్ ఎవరి మనసునైనా దోచుకోగలదు, దానికి పెద్ద పరిజ్ఞానమేమీ అక్కరలేదు. ఏమి తాగబోతున్నారో రెండు ముక్కల్లో చెప్పి పోస్తే సరిపోతుంది.

అపరాజిత:

ఇద్దరికీ ధన్యవాదాలు. అన్నయ్య కోసం 1985 ఒకటి, అందరి కోసం 1998 సింగిల్ కింటా ఒకటి తీసుకోవాలని దాదాపు నిశ్చయించుకున్నాను. 1985 సీసాలు రెండు అమ్మకానికి ఉన్నాయి. ఒకదానిలో వైన్ మెడ అడుగు వరకు ఉంది. రెండవది కాస్త చవక, కానీ అందులో మట్టం భుజం మధ్యకు దిగింది, మూత మీది తొడుగు అంచున జిగురుగా ఏదో ఎండిపోయినట్టు ఫొటోలో కనిపిస్తోంది. ఇది పట్టించుకోవలసిన విషయమేనా? సీసాలు పార్సెల్‌లో వస్తాయి, మడ్డి కదిలిపోతుందేమోనన్న భయం కూడా ఉంది. వాటిని ఎలా తెరవాలో, ఎలా ఒంపాలో కూడా వివరంగా చెబితే మేలు చేసినవారవుతారు.

హేమంతం:

అపరాజిత గారూ, మొదటి సీసానే తీసుకోండి. నలభై ఏళ్ల వయసుకు మట్టం మెడ అడుగున ఉండటం సహజమే. భుజం మధ్యకు దిగి, తొడుగు దగ్గర జిగురు కూడా ఉందంటే బిరడా పక్కనుంచి వైన్ బయటికి ఊరిందని, వైన్ బయటికి వచ్చిన దారిలోనే గాలి లోపలికి వెళ్లిందని అర్థం. లోపల వైన్ బాగానే ఉండవచ్చు, కానీ పండుగ రాత్రికి అటువంటి పందెం కాయడం అనవసరం.

పార్సెల్ విషయంలో మీ భయం న్యాయమైనదే, దానికి విరుగుడు ముందుగా తెప్పించుకోవడం ఒక్కటే. వింటేజ్ పోర్ట్‌ను వడగట్టరు కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ సీసా పక్కగోడకు మందంగా మడ్డి పేరుకుంటుంది. కుదుపులకు అది రేగితే మళ్లీ తేరుకోవడానికి రోజులు పడుతుంది. పండుగకు రెండు మూడు వారాల ముందే సీసాలు ఇంటికి చేరేలా చూసుకుని, రాగానే చల్లని చీకటి చోట నిలబెట్టి, ఇక కదపకండి. ఇంట్లోనే పడుకోబెట్టి ఉంచిన సీసాకైతే ఒకటి రెండు రోజులు నిలబెడితే చాలు. పాత సీసాలపై కొన్నిసార్లు తెల్ల సున్నంతో ఒక గీత పూసి ఉంటుంది, అది మరక అనుకుని తుడిచేయవద్దు. పడుకోబెట్టినప్పుడు పైన ఏ వైపు ఉండాలో తెలిపే గుర్తు అది. ఒంపేటప్పుడు కూడా ఆ గీత పైకి ఉండేలా పట్టుకుంటే మడ్డి కింది వైపునే నిలుస్తుంది.

1985 సీసాలో బిరడా పొడవుగా ఉండి, పైభాగం గట్టిగా, కింది భాగం తడిసి మెత్తగా ఉంటుంది. మామూలు మరమేకు తిప్పి గట్టిగా లాగితే సగంలో తెగి మిగిలిన సగం పొడిపొడిగా రాలుతుంది. రెండు పలచని రేకులుండే పరికరాన్ని బిరడాకు గాజుకు మధ్య రెండు వైపులా అటూ ఇటూ ఊపుతూ దించి, మెలితిప్పుతూ పైకి తీస్తే చాలావరకు ముక్క కాకుండా వస్తుంది. ఒకవేళ తునిగి లోపల పడినా వైన్‌కు వచ్చే నష్టమేమీ లేదు, ఒంపేటప్పుడు శుభ్రంగా ఉతికిన పలుచని మస్లిన్ గుడ్డను గరాటులో వేస్తే సరి. ఆ గుడ్డకు సబ్బు వాసన మాత్రం ఉండకూడదు. ఎర్రగా కాల్చిన పటకారుతో సీసా మెడను పట్టి, వెంటనే తడిగుడ్డ చుట్టి, మెడనే బిరడాతో సహా విరిచే పాత పద్ధతి పోర్చుగల్‌లోని పోర్టో నగరంలో ఇప్పటికీ చూపిస్తారు గానీ, అలవాటు లేనివారు ఇంట్లో ప్రయత్నించవలసినది కాదు.

ఒంపడానికి కావలసినది నిలకడైన చెయ్యి, సీసా మెడ వెనుక ఒక దీపం. కొవ్వొత్తి అయినా చిన్న టార్చి అయినా ఫరవాలేదు. మెడలోంచి వెలుతురు కనిపించేలా పట్టుకుని, మధ్యలో సీసాను నిటారుగా ఎత్తకుండా ఒకే ధారగా ఒంపండి. ఒకసారి ఆపి మళ్లీ వంచితే లోపల అల లేచి మడ్డి మొత్తం కలిసిపోతుంది. మొదట మాణిక్యంలా తేటగా వస్తుంది. చివరికి వచ్చేసరికి భుజం దగ్గర నల్లని సన్నని పోగులు కదిలి, పొగలా మెడ వైపు పాకుతాయి. అవి మెడకు చేరగానే ఆపేయాలి. అడుగున ఒక చిన్న గ్లాసెడు మిగులుతుంది, దాని కోసం ఆశపడి డికాంటర్‌లోని తేటను పాడుచేసుకోకండి.

1985ను తాగడానికి గంటా రెండు గంటల ముందు ఒంపితే చాలు. ఎక్కువసేపు ఉంచితే ఆ సువాసన తగ్గుతుంది. 1998కి మూడు నాలుగు గంటలు ఇవ్వండి. వెచ్చని గదిలో ఆల్కహాల్ ముక్కును కుట్టి మిగిలిన వాసనలను కప్పేస్తుంది, అందుకే 16 నుంచి 18 డిగ్రీల దగ్గర పోయడం మంచిది. బొటనవేలంత గ్లాసుల్లో పోస్తే వాసన నిలిచే చోటే ఉండదు కాబట్టి మామూలు వైన్ గ్లాసులో మూడో వంతు వరకు పోయండి.

రసజ్ఞ:

హేమంతం గారు పక్కన ఏమి తినాలో చెప్పలేదు కాబట్టి ఒక మాట. ఇంగ్లండులో క్రిస్మస్‌కు పోర్ట్ పక్కన స్టిల్టన్ చీజ్, అక్రోట్లు పెట్టడం ఆనవాయితీ. ఆ చీజ్‌లోని ఉప్పదనానికి, నీలి చారల ఘాటుకు పోర్ట్ తీపి చక్కగా నప్పుతుంది. అయితే అది 1998 లాంటి కండగల పోర్ట్‌కు తగిన జోడీ. 1985 పక్కన అక్రోట్లు మాత్రమే ఉంచండి. క్రిస్మస్ పుడ్డింగ్‌తో మాత్రం ఏ వింటేజ్ పోర్ట్‌నూ పోయవద్దని నా గట్టి అభిప్రాయం. ఆ పుడ్డింగ్ తీపి, మసాలా ముందు పోర్ట్ పులుపుగా, వగరుగా అనిపిస్తుంది. పళ్లేలు తీసేశాక కాసేపు ఆగి, అప్పుడు డికాంటర్‌ను బల్ల మీదికి తీసుకురండి.

అపరాజిత:

మెడ వరకు నిండి ఉన్న 1985 ఫొన్సేకాను, 1998 వార్జెలాస్‌ను ఈ రోజే తెప్పించే ఏర్పాటు చేశాను. వదిన కోసం 1988 కొల్యేటా దొరుకుతుందేమో ఇంకా చూస్తున్నాను. చివరి ప్రశ్న: ఎనిమిది మందికి రాత్రికి ఒక సీసా సరిపోతుందా? మిగిలితే ఎన్నాళ్లు నిలవ ఉంటుంది?

నింపాది:

సరిపోతుంది. మడ్డి పోను 750 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 700 మిగులుతుంది, అంటే ఒక్కొక్కరికి 85 మిల్లీలీటర్లకు పైగానే వస్తుంది. భోజనంతో వైన్ తాగిన తరువాత అంతకంటే ఎక్కువ ఎవరూ అడగరు. 1985ను ఆ రాత్రే పూర్తి చేయండి, మర్నాటికి దాని వాసన సగం పోతుంది. 1998 మిగిలితే చిన్న సీసాలోకి నిండుగా పోసి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు మూడు రోజులు బాగానే ఉంటుంది. కొల్యేటా దొరికితే దాన్ని కొత్త సంవత్సరం వరకు రోజూ కొంచెం కొంచెంగా పోసుకోవచ్చు. పీపాలో ఏళ్ల తరబడి గాలికి అలవాటుపడిన వైన్ కాబట్టి, తెరిచాక ఫ్రిజ్‌లో కొన్ని వారాలు నిలుస్తుంది. దానికి డికాంటర్ కూడా అవసరం లేదు, కాస్త చల్లగా ఉండగానే పోయండి.