కొవ్వుతో పిరుదుల సర్జరీ (బ్రెజీలియన్ బట్ లిఫ్ట్, బీబీఎల్): సెలవు ఎన్నాళ్లు, ప్రమాదం ఎక్కడ, కూర్చోవడం ఎప్పుడు?

ప్రశ్న – బెజవాడ31
పొట్ట, నడుము దగ్గరి కొవ్వు తీసి పిరుదుల్లోకి ఎక్కించే సర్జరీ హైదరాబాద్‌లో చేయించుకుందామనుకుంటున్నాను. వయసు 31, బీఎంఐ 26, షుగర్, బీపీ లేవు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. సెలవు ఎన్నాళ్లు పెట్టాలి? ఎక్కించిన కొవ్వు ఎంత నిలుస్తుంది? ప్రాణాపాయం అంటున్నారు, దేనివల్ల?

జవాబు – ఓటీసిస్టర్
ముందు ప్రాణాపాయం సంగతి. పిరుదు కండరంలోనూ దాని కిందా పెద్ద సిరలు ఉంటాయి. కాన్యులా (కొవ్వు ఎక్కించే గొట్టం) కండరంలోకి దిగి సిర చిరిగితే కొవ్వు రక్తంలో కలిసి గుండెకు, ఊపిరితిత్తులకు పోతుంది. టేబుల్ మీదే ప్రాణం పోవచ్చు. 2017లో ప్లాస్టిక్ సర్జన్ల అంతర్జాతీయ బృందం ఒకటి సుమారు 3,000 సర్జరీలకు ఒక మరణం ఉండొచ్చని అంచనా వేసింది. సౌందర్య సర్జరీకి ఇది చాలా ఎక్కువ. అందుకే ఇప్పుడు చర్మానికీ కండరానికీ మధ్య ఉన్న పొరలోనే ఎక్కించాలంటున్నారు. అమెరికాలోని ఫ్లోరిడా 2019లో కండరంలోకి ఎక్కించడాన్ని నిషేధించింది, 2023 చట్టంతో అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చేయడం తప్పనిసరి చేసింది.

కాబట్టి సర్జన్‌ను సూటిగా అడగండి: ఏ పొరలో ఎక్కిస్తారు? అల్ట్రాసౌండ్ ఉంటుందా? కాన్యులా 4 మిల్లీమీటర్లకు తగ్గకుండా, వంగని రకమేనా? సన్నది వంగిపోయి, చేతికి తెలియకుండానే లోతుకు దిగుతుంది. ఎక్కించేది మీరేనా, అసిస్టెంటా? ఈ ప్రశ్నలకు విసుక్కుంటే అక్కడ చేయించుకోకండి. సర్జన్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ) డిగ్రీ ఉండాలి. మత్తు డాక్టరు, ఐసీయూ ఉన్న ఆసుపత్రిలోనే జరగాలి.

జవాబు – డ్రెస్సింగ్‌రూమ్
కోలుకోవడం గురించి చెప్తాను. కొత్తచోట కొవ్వు కణాలకు సొంత రక్తనాళాలు ఉండవు. చుట్టుపక్కల నుంచి సన్నని నాళాలు అల్లుకునేదాకా వాటి మీద బరువు పడితే రక్తం అందక చస్తాయి. అందుకే రెండు వారాలు అసలు కూర్చోకూడదు, బోర్లా గానీ పక్కకు గానీ పడుకోవాలి. తర్వాత 6-8 వారాల వరకు తొడల కింద గట్టి దిండు పెట్టి, పిరుదులు వెనక గాల్లో ఉండేలా కూర్చోవాలి. మధ్యలో చిల్లున్న గుండ్రటి దిండు కొనకండి, దాని అంచు సరిగ్గా కొవ్వు మీదే నొక్కుతుంది. టాయిలెట్ మీద రెండు మూడు నిమిషాలకు ఏమీ కాదు.

నొప్పి పిరుదుల్లో కన్నా కొవ్వు తీసినచోటే ఎక్కువ. మొదటి ఒకటి రెండు రోజులు రంధ్రాల నుంచి ఎర్రటి నీరు కారుతుంది, పక్క మీద రబ్బరు షీటు వేయండి. కంప్రెషన్ గార్మెంట్ (ఒంటిని బిగించి పట్టే దుస్తు) దాదాపు 6 వారాలు వేసుకోవాలి. పొట్ట దగ్గర బిగుతుగా, పిరుదుల దగ్గర వదులుగా ఉండాలి. ఉతకడానికి వీలుగా రెండు తీసుకోండి. మన ఎండాకాలంలో ఆ ఉక్క భరించడం కష్టం, వీలైతే చలికాలం పెట్టుకోండి.

మూడో వారంలో కనిపించే సైజు వాపుతో కలిపి. మూడు నెలల్లో ఎక్కించినదాంట్లో సుమారు 30-40 శాతం కరిగిపోవచ్చు, అసలు ఆకారం ఆరు నెలలకు తేలుతుంది. ‘ఎలాగూ కరుగుతుంది కదా, ఎక్కువ పోయండి’ అని మాత్రం అడగొద్దు. పట్టనంత కుక్కితే మధ్యలో కొవ్వు చచ్చి గడ్డలుగా, నూనె తిత్తులుగా మిగులుతుంది.

సెలవు మూడు వారాలు పెట్టి, ఇంకో నెల ఇంటినుంచి నిలబడి పనిచేసే వీలుంటే మంచిది.

జవాబు – ఓటీసిస్టర్
ఇంకొక్కటి. కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, సర్జరీ రోజు సాయంత్రమే నాలుగడుగులు నడవాలి. సిగరెట్ ముందూ వెనకా నాలుగేసి వారాలు మానాలి. గర్భనిరోధక మాత్రలు, ఆస్పిరిన్ వాడుతుంటే ముందే చెప్పండి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా, జ్వరంతో చర్మం ఎర్రబడి వేడెక్కినా రేపటిదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఆరోగ్య బీమా సాధారణంగా దీనికి వర్తించదు.

బెజవాడ31
ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఇంటికి కారులో ఎప్పుడు వెళ్లొచ్చు? స్కూటీ?

డ్రెస్సింగ్‌రూమ్
మొదటి చెకప్ అయ్యేదాకా హైదరాబాద్‌లోనే ఉండండి. తర్వాత సర్జన్ సరేనంటే వెనక సీట్లో పక్కకు పడుకుని వెళ్లండి, గంటకోసారి దిగి నడవండి. స్కూటీ రెండు నెలల తర్వాతే. గతుకుల్లో బరువంతా అక్కడే పడుతుంది.