బడా కంపెనీల చేతిలో లేని బ్రౌజర్: మన నెట్ సెంటర్లు, ల్యాబుల్లో పెట్టగలమా?

పెన్నాతీరం (అనంతపురం):
ప్రశ్న ఇది. మన జిల్లాల్లో నెట్ సెంటర్లు, కాలేజీ ల్యాబులు, ట్యాక్స్ ఆఫీసుల్లో ఎక్కడ చూసినా క్రోమే కనిపిస్తుంది. దాన్ని తీసేసి గూగుల్ పట్టులో లేని బ్రౌజర్ పెట్టాలని నేనంటున్నాను. వద్దనేవాళ్లు కారణం చెప్పండి.

బ్రౌజర్ పేర్లు చాలా ఉన్నాయి గానీ జనం వాడకంలో ఉన్న లోపలి ఇంజిన్లు (కోడ్‌ను పేజీగా మార్చి చూపే భాగాలు) ముఖ్యంగా మూడే. గూగుల్‌ది బ్లింక్, యాపిల్‌ది వెబ్‌కిట్, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లాది గెకో. ఒపెరా 2013లో తన సొంత ఇంజిన్ వదిలేసింది, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ 2020లో వదిలేసింది. ఇప్పుడు ఎడ్జ్, ఒపెరా, బ్రేవ్, వివాల్డీ అన్నీ క్రోమియం (బ్లింక్ ఇంజిన్‌తో గూగుల్ నడిపించే ఓపెన్ సోర్స్ కోడ్) మీదే నడుస్తున్నాయి. ఇంజిన్ ఎవరిదో నియమం వాళ్లదే అనడానికి మానిఫెస్ట్ వీ3 చాలు. ఎక్స్‌టెన్షన్లకు, అంటే బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాములకు, గూగుల్ పెట్టిన కొత్త నియమాలవి. ఎక్స్‌టెన్షన్ ప్రతి రిక్వెస్ట్‌నూ చూసి ఆపే పద్ధతిని తీసేసి, ముందే రాసిచ్చిన నియమాల జాబితాను బ్రౌజరే అమలు చేసే పద్ధతి పెట్టారు. ఆఫీసుల కోసం ఉంచిన మినహాయింపు కూడా 2025లో క్రోమ్ 139తో పోయింది. ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ ఎక్స్‌టెన్షన్ అక్కడ ఇక నడవదు, దాని లైట్ రూపం మాత్రమే ఉంది. మనల్ని సైటు సైటుకూ వెంటాడే ఇతర సైట్ల కుకీలు (బ్రౌజర్‌లో దాచే గుర్తులు) తీసేస్తామని 2020లో చెప్పిన గూగుల్ 2024లో మాట మార్చింది. ప్రకటనల మీద బతికే కంపెనీ ప్రకటనలను ఆపే పనిముట్టును కాపాడుతుందని ఎట్లా నమ్మాలి?

బురుజు (కర్నూలు):
వాదన బాగుందప్పా, కానీ నెట్ సెంటర్‌లో జరిగే పని చూసి మాట్లాడాల. పీఎం కిసాన్ ఈ-కేవైసీ, పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్, వీటికి వేలిముద్ర మిషన్ కావాల. మిషన్‌తో పాటు ఆర్‌డీ సర్వీస్ అని ఒక సాఫ్ట్‌వేర్ వస్తాది. వెబ్ పేజీ ఆ సాఫ్ట్‌వేర్‌తో మన కంప్యూటర్‌లోనే 127.0.0.1 అడ్రస్‌లో 11100 నుంచి 11120 దాకా ఉన్న పోర్టుల్లో (సాఫ్ట్‌వేర్లు మాట్లాడుకునే నంబర్ల దారుల్లో) మాట్లాడతాది. ప్రైవసీ బ్రౌజర్లు మొదట కత్తిరించేది ఈ దారినే. బ్రేవ్ 2023 నుంచి లోకల్‌హోస్ట్‌కు, అంటే మన కంప్యూటర్‌కే పోయే రిక్వెస్టులు పర్మిషన్ లేకుండా పోనీదు. యూబ్లాక్‌లో ప్రైవసీ జాబితాల కింద బయటి సైట్లు లోపలి నెట్‌వర్క్‌లోకి చొరబడకుండా ఆపే ఫిల్టర్ ఒకటి ఉండాది. అది ఆన్ చేస్తే మిషన్ బాగుండినా "డివైస్ నాట్ ఫౌండ్" అంటాది. కేబుల్ మార్చి, డ్రైవర్ మళ్లీ వేసి పూట పోగొట్టుకుంటారు. వయసైనోళ్లు బయట బెంచీ మీద కూర్చోనుంటే ఎవడు బ్రౌజర్ ప్రయోగాలు చేస్తాడు?

గండికోట (కడప):
బురుజు అన్న చెప్పిన లోపం నిజమే. కానీ అది క్రోమ్‌లో రాదనుకుంటే పొరపాటు. క్రోమ్ 142 నుంచి లోకల్ నెట్‌వర్క్‌కు పోయే సైట్లకు పర్మిషన్ పెట్టె వస్తోంది. తొందరలో "బ్లాక్" నొక్కితే అక్కడా ఇదే "డివైస్ నాట్ ఫౌండ్". అడ్రస్ బార్ ఎడమవైపు గుర్తు నొక్కి, సైట్ సెట్టింగ్స్‌లో ఆ పర్మిషన్‌ను "అలో"కు మార్చాలి. ఫైర్‌ఫాక్స్‌లో ఆ యూబ్లాక్ ఫిల్టర్ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. అట్లాగే ఉంచండి, లేదంటే ఆ ఒక్క సైట్‌కు యూబ్లాక్ పవర్ బటన్ ఆపండి.

జీఎస్‌టీలో డిజిటల్ సంతకం (డీఎస్‌సీ) సంగతి వేరు. అక్కడ ఎమ్‌సైనర్ అనే సంతకం సాఫ్ట్‌వేర్ 127.0.0.1 లో 1585 లాంటి పోర్టు మీద సొంతంగా తయారుచేసుకున్న సర్టిఫికెట్‌తో (అడ్రస్ అసలుదేనని బ్రౌజర్‌కు చూపే గుర్తింపుతో) నడుస్తుంది. ఆ సర్టిఫికెట్‌ను బ్రౌజర్ నమ్మకపోతే పేజీ "ఎమ్‌సైనర్ ఆన్ చేయండి" అనే అంటుంది. ఎమ్‌సైనర్ నడుస్తూనే ఉంటుంది, అడ్డం ఉన్నది సర్టిఫికెట్. ఎమ్‌సైనర్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, అదే బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీఎస్‌తో ఆ అడ్రస్, పోర్టు కొట్టి, అడ్వాన్స్‌డ్ నొక్కి ఒప్పుకుంటే పని అవుతుంది. ఇదంతా మామూలు విండోలో చేయాలి. ప్రైవేట్ విండోలో ఒప్పుకున్నది విండో మూస్తే పోతుంది. అసలు డీఎస్‌సీ తప్పనిసరి కంపెనీలకు, ఎల్‌ఎల్‌పీలకే. ఒక్కరి పేరు మీద నడిచే అంగళ్లు ఓటీపీతో వచ్చే ఈవీసీతో రిటర్న్ వేయవచ్చు, ఆ పనికి ఏ బ్రౌజరైనా చాలు.

హంద్రీ (కర్నూలు):
ఇంత తంటా ఎందుకు? మన దేశపు బ్రౌజరే ఉంది కదా. కేంద్ర ఐటీ శాఖ 2023లో బ్రౌజర్ పోటీ పెట్టింది, 2025 మార్చిలో ఫలితం వచ్చింది. జోహో కంపెనీ బ్రౌజర్ ఉలా మొదటి బహుమతి కోటి రూపాయలు గెలిచింది. బ్రౌజర్ లోపలే క్రిప్టో టోకెన్‌తో (డీఎస్‌సీ ఉండే యూఎస్‌బీతో) సంతకం చేయగలగాలన్నది ఆ పోటీ షరతుల్లో ఒకటి. అది సరిగ్గా వస్తే ఎమ్‌సైనర్ గొడవే ఉండదు. ట్యాక్స్ ఆఫీసులకు ఇంతకన్నా ఏం కావాలి?

పెన్నాతీరం (అనంతపురం):
సంతకం షరతు మంచిదే, నేనూ కోరేదే. కానీ ఉలా క్రోమియం మీద కట్టింది. జోహో తన సర్వర్లకు డేటా పంపకపోవచ్చు, ట్రాకర్లను ఆపవచ్చు, అది మేలే. ఇంజిన్‌లో రేపు గూగుల్ ఏదైనా తీసేస్తే మాత్రం దాన్ని సొంత ఖర్చుతో పట్టుకుని మోయాలి. కౌలు భూమిలో బోరు వేసుకున్నట్టే.

అదే పోటీలో ఇంకో షరతు కూడా చూడండి: మన దేశపు సీసీఏ (సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలను పర్యవేక్షించే ప్రభుత్వ అధికారి) రూట్ సర్టిఫికెట్‌ను, అంటే మిగతా సర్టిఫికెట్లకు మూలమైనదాన్ని బ్రౌజర్ నమ్మాలి. 2014 జూలైలో ఆ సీసీఏ కిందున్న ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) సర్టిఫికెట్ వ్యవస్థ నుంచి గూగుల్ డొమైన్ల పేరుతో అనధికార సర్టిఫికెట్లు బయటికొచ్చాయి. విండోస్ జాబితాలో సీసీఏ ఉంది కాబట్టి ఆ జాబితాను వాడే బ్రౌజర్లకు ముప్పు వచ్చింది. ఫైర్‌ఫాక్స్ సొంత జాబితా పెట్టుకుంది, అందులో సీసీఏ లేదు, కాబట్టి దానికి తగల్లేదు. ఆ తర్వాత క్రోమ్ సీసీఏను కొన్ని డొమైన్లకే పరిమితం చేసింది. స్వదేశీ అనగానే కళ్లు మూసుకుని ఒప్పుకోవద్దు. ఏ రూట్‌ను నమ్ముతుంది, ఎవరు ఆడిట్ చేస్తారు, తప్పు జరిగితే ఎన్ని గంటల్లో తీసేస్తారు, వీటికి జవాబు అడగాలి.

బురుజు (కర్నూలు):
సరే, మరి నీ ఫైర్‌ఫాక్స్ ఎవరి డబ్బుతో బతుకుతాంది? గూగుల్‌ను డిఫాల్ట్ సెర్చ్‌గా పెట్టినందుకు గూగుల్ ఇచ్చే దుడ్లతోనే గదా. 2025 ఫిబ్రవరిలో "మీ డేటా ఎప్పటికీ అమ్మము" అన్న మాట కూడా వాళ్ల సైట్‌లోంచి తీసేసిరి. దీన్ని స్వతంత్రం అంటావా?

పెన్నాతీరం (అనంతపురం):
అనను. మొజిల్లా ఆదాయంలో నాలుగింట మూడొంతులు ఆ సెర్చ్ ఒప్పందాలదే, అది పెద్ద బలహీనత. సెర్చ్‌లో గూగుల్ గుత్తాధిపత్యం చట్టవిరుద్ధమని 2024 ఆగస్టులో అమెరికా కోర్టు తేల్చింది. 2025 సెప్టెంబరులో ప్రత్యేక ఒప్పందాలు వద్దంది గానీ చెల్లింపులు ఆపమనలేదు. ఆపి ఉంటే మొజిల్లా కూలేది. గెకో పోతే విండోస్ మీద మిగిలేది బ్లింక్ ఒక్కటే. అందుకే ఫైర్‌ఫాక్స్ వాడమనడంతో పాటు ఇంజిన్‌కు వేరే డబ్బు దారి కావాలంటున్నాను.

ఆ దారిలో ఇంకా తయారవుతున్న ఇంజిన్లు రెండు, సర్వో, లేడీబర్డ్. సర్వోను మొజిల్లాయే 2012లో రస్ట్ భాషలో మొదలుపెట్టి, 2020లో ఆ బృందాన్ని తీసేసింది. ఇప్పుడది లినక్స్ ఫౌండేషన్ యూరప్ కింద నడుస్తోంది. లేడీబర్డ్ 2024 జూలైలో లాభాపేక్ష లేని సంస్థగా మారింది. కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్ స్థాపకుల్లో ఒకరైన క్రిస్ వాన్‌స్ట్రాత్ 10 లక్షల డాలర్లు ఇచ్చారు. వేరే ఇంజిన్ కోడ్ తీసుకోరు, సెర్చ్ ఒప్పందాలు చేసుకోరు. 2026లో ఆల్ఫా (తొలి పరీక్షా రూపం) అని లక్ష్యం పెట్టుకున్నారు, అదీ లినక్స్, మ్యాక్‌లకే. మన నెట్ సెంటర్ల విండోస్‌కు అది ఇప్పట్లో రాదు. జేఎన్‌టీయూ లాంటి చోట చదివే పిల్లలు మాత్రం ఈ రెండు ఇంజిన్లలో తెలుగు పేజీలు తెరిచి, వత్తులు ఎక్కడ చెదురుతున్నాయో, లైను ఎక్కడ తప్పుగా విరుగుతోందో చూసి, చిన్న నమూనా పేజీతో బగ్ రాయవచ్చు. తెలుగు చదివేవాళ్లు చెప్పకపోతే ఆ లోపం అక్కడివాళ్ల కంటికి కనిపించదు.

గండికోట (కడప):
ఈ రోజు ల్యాబులో, నెట్ సెంటర్‌లో పెట్టదగ్గది ఫైర్‌ఫాక్స్ ఈఎస్‌ఆర్, అంటే సంస్థల కోసం ఎక్కువ కాలం మారకుండా ఉంచే రూపం. మామూలు ఫైర్‌ఫాక్స్‌లాగా నాలుగు వారాలకోసారి రూపం మారదు, భద్రతా సవరణలు మాత్రం వస్తాయి. ఒక్కో మిషన్‌లో సెట్టింగులు చేత్తో మార్చొద్దు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మొజిల్లా ఫైర్‌ఫాక్స్ ఫోల్డర్ తెరిచి, అందులో డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డర్ చేసి, పాలసీస్ డాట్ జేసన్ ఫైలు (బ్రౌజర్ పాటించాల్సిన సెట్టింగుల జాబితా) పెట్టండి. దాంట్లో పాస్‌వర్డ్ దాచుకోమని అడగడం ఆపే పాలసీ, టెలిమెట్రీ (వాడకం వివరాలు మొజిల్లాకు పంపడం) ఆపే పాలసీ, ఫైర్‌ఫాక్స్ అకౌంట్ ఆపే పాలసీ, యూబ్లాక్ తనంతట తానే ఇన్‌స్టాల్ అయ్యే పాలసీ రాయాలి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే చివర టీఎక్స్‌టీ తగులుకుంటుంది, అప్పుడు ఫైర్‌ఫాక్స్ ఆ ఫైలును చూడదు. ఒక్క కామా ఎక్కువైనా మొత్తం ఫైలు పనిచేయదు. అడ్రస్ బార్‌లో అబౌట్:పాలసీస్ కొట్టి చూడండి, తప్పుంటే అక్కడే ఎర్రర్ కనిపిస్తుంది.

మూసేటప్పుడు కుకీలు, హిస్టరీ తుడిచే పాలసీ కూడా ఉంది. నెట్ సెంటర్‌లో అది ఒక్కటే చాలదు. పొద్దున తెరిచిన బ్రౌజర్ రాత్రికి గానీ మూయరు, కాబట్టి మధ్యాహ్నం వచ్చినవాళ్లకు పొద్దుటి మనిషి డిజిలాకర్ తెరిచే ఉంటుంది. కస్టమర్లు కూర్చునే మిషన్లలో ప్రైవేట్ మోడ్‌ను తప్పనిసరి చేయండి, ఆ పాలసీ విలువ 2. ఒక్కో మనిషి లేచాక విండోలన్నీ మూయాలి. సంతకాలు చేసే మిషన్‌లో మాత్రం ఇది పెట్టొద్దు, పైన చెప్పిన సర్టిఫికెట్ గొడవ రోజూ వస్తుంది.

ఫింగర్‌ప్రింటింగ్‌ను (వేలిముద్ర కాదు, బ్రౌజర్ లక్షణాలను బట్టి మనిషిని గుర్తుపట్టడాన్ని) ఎదిరించే సెట్టింగ్‌ను అబౌట్:కాన్ఫిగ్ అనే లోపలి సెట్టింగుల పేజీలో ఆన్ చేయమని చాలామంది రాస్తుంటారు. దరఖాస్తులు నింపే మిషన్‌లో అది ముట్టుకోవద్దు. బ్రౌజర్‌లోనే ఫొటో కత్తిరించి చిన్నది చేసే సైట్లు కాన్వాస్‌ను (పేజీలో బొమ్మ గీసే చోటును) వాడతాయి. ఆ సెట్టింగ్ కాన్వాస్ నుంచి చదివే చోట యాదృచ్ఛిక రంగులు ఇస్తుంది, అప్పుడు పిల్లోడి ఫొటో బదులు రంగు గీతలు అప్‌లోడ్ అవుతాయి. హాల్ టికెట్ వచ్చేదాకా ఎవరూ చూడరు. టైమ్ కూడా మన గడియారం కన్నా 5:30 గంటలు వెనక చూపిస్తుంది. ట్రాకింగ్ ప్రొటెక్షన్ "స్ట్రిక్ట్"లో పెట్టండి చాలు. పేమెంట్ గేట్‌వే దగ్గర పేజీ ఆగిపోతే డాలు గుర్తు నొక్కి ఆ సైట్‌కు మాత్రం ఆపండి.

హంద్రీ (కర్నూలు):
ఇవన్నీ చేసినా నెట్ సెంటర్‌లో గుట్టు బయటపడేది బ్రౌజర్‌లోంచి కాదు కదా. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఊరందరి ఆధార్ పీడీఎఫ్‌లు ఉంటాయి. వాటి పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఫైలు పేరు పక్కనే మనిషి దరఖాస్తు కూడా ఉంటే తెరవడానికి ఎంతసేపు? ప్రింట్ కోసం అంగడి నంబరుకు వాట్సాప్ చేసినవి ఆ ఫోన్‌లోనే ఉండిపోతాయి.

బురుజు (కర్నూలు):
ఇదీ అసలు మాట. విండోస్‌లో స్టోరేజ్ సెన్స్ అని ఉండాది, దాన్ని ఆన్ చేసి రోజూ నడిచేటట్టు పెట్టి, డౌన్‌లోడ్స్‌కు 1 రోజు ఇస్తే అన్ని గంటలు తెరవని పాతవి తనే తీసేస్తాది. రీసైకిల్ బిన్‌కు కూడా వేరుగా 1 రోజు పెట్టాల. కస్టమర్‌కు ఆధార్ దించేటప్పుడు మాస్క్‌డ్ ఆధార్ టిక్ చేస్తే చివరి 4 అంకెలే కనపడతాయి, చాలా పనులకు అది సరిపోతాది. ఇది బ్రౌజర్ మార్చకుండానే ఈ రోజే చేయొచ్చు. నేను ఒప్పుకునేది ఇంతవరకే: కస్టమర్ల మిషన్లలో ఫైర్‌ఫాక్స్ పెడదాం, వేలిముద్ర మిషన్, డీఎస్‌సీ ఉన్న కంప్యూటర్‌లో క్రోమ్ ఉండనీ.

పెన్నాతీరం (అనంతపురం):
ఆ ఒక్క కంప్యూటర్ దగ్గర నేను ఒప్పుకోను అన్నా. ప్రభుత్వ సైట్ పరీక్షించేవాళ్లు క్రోమ్‌లో మాత్రమే చూసి వదిలేస్తారు, అంగళ్లలో క్రోమే ఉంది కాబట్టి ఫిర్యాదు రాదు, ఫిర్యాదు లేదు కాబట్టి వాళ్లు మార్చరు. వేలిముద్ర ఫైర్‌ఫాక్స్‌లో ఆగిన ప్రతిసారీ ఎఫ్12 నొక్కి, కన్సోల్‌లో ఎర్రగా వచ్చిన లైను, సైట్ అడ్రస్, మిషన్ మోడల్, ఆర్‌డీ సర్వీస్ వెర్షన్ రాసి ఇక్కడ పెట్టండి. ఆధార్ నంబరు, కస్టమర్ పేరు స్క్రీన్‌షాట్‌లో లేకుండా చూసుకోండి. వాటన్నిటినీ సైట్ల వారీగా కూర్చి ఆయా శాఖల హెల్ప్‌డెస్క్‌లకు నేను పంపుతాను.

గండికోట (కడప):
వెబ్‌కాంపాట్ డాట్ కామ్‌లో కూడా పెట్టండి, అక్కడికి వచ్చే ఫిర్యాదులను మొజిల్లావాళ్లు చూస్తారు. యూబ్లాక్ ఆపి ఒకసారి, స్ట్రిక్ట్ తీసి ఒకసారి చూశాకే రాయండి. లేకపోతే మొదట అడిగేది అదే.