ఉమయ్యద్ దీనార్ మీద ఉన్నది 77 ఆ, 97 ఆ?

ఒక ఉమయ్యద్ (తొలినాటి ఇస్లామిక్ ఖలీఫాల వంశం) బంగారు దీనార్ నాణెం మీద హిజ్రీ సంవత్సరం దగ్గర ఇరుక్కుపోయా. బరువు 4.25 గ్రాములు, అడ్డంగా 19 మి.మీ. వెనకవైపు అంచు చుట్టూ సంవత్సరం అక్షరాల్లోనే రాసుంది, ఒకట్ల దగ్గర సబ్అ అంటే 7 అని బాగానే తెలుస్తోంది, పదుల దగ్గరే గొడవంతా. ఈ కూఫీ అనే పాత అరబిక్ రాతలో చుక్కలుండవు కదా, 70కి రాసే సబ్ఈన్, 90కి రాసే తిస్ఈన్ రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. ఖలీఫా పేరో ఊరి పేరో వేసుంటే ఈ తలనొప్పే లేదు! 77 అయితే ఖలీఫా అబ్దుల్ మాలిక్ బొమ్మలు తీసేసి అక్షరాలతో కొట్టించిన తొలి ఏడాది, 97 అయితే ఖలీఫా సులైమాన్ కాలం.

ఆ పదుల మాట మొదట్లో పళ్లలా పైకి లేచే నాలుగు గీతల్లో కుడి నుంచి మొదటిది పొడుగైతే తిస్ఈన్, నాలుగోది పొడుగైతే సబ్ఈన్ అని చదివి, పక్కనుంచి లైట్ వేసి మాక్రో లెన్స్‌తో ఫొటోలు తీశా, మ్యూజియం ఫొటోల పక్కన పెట్టి చూశా, కానీ అక్కడే అరిగిపోయి నాలుగూ రంపం పళ్లలా ఒకే ఎత్తులో ఉన్నాయి.

పళ్ల ఎత్తు కాకుండా 77 దీనార్‌ని 97 దీనార్ నుంచి విడదీసే గుర్తు ఇంకేమైనా ఉందా?